సహారా నల్లపూసలు

ఆ రోజుల్లో నన్నెవరైనా "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగితే "డిజైనర్‌ని" అని చెబుదామని సిద్ధంగా కూర్చునేదాన్ని. అడిగేవాళ్లే లేరు. ఇరవై మూడేళ్లు, చేతిలో ఒక బీఎస్సీ పట్టా, రెండుసార్లు తప్పిన బ్యాంకు పరీక్ష, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టరు, అందులో నేను. నేనూ నాన్నా అని రాయాలి గానీ నాన్న అందులో ఉండేది తక్కువ. ఆయన గూడ్సు బండికి గార్డు. (ఇప్పుడా ఉద్యోగానికి పెద్ద పేరు పెట్టారు. పేరు మారింది గానీ, బండి చివర ఒక్కడే కూర్చుని ఊగే పని అదే.) డ్యూటీకి రమ్మని కాల్ వస్తే సంచీ సర్దుకుని వెళ్లిపోయేవారు. శహడోల్లోనో, ఝార్సుగూడలోనో బండి సిబ్బంది బసచేసే రన్నింగ్ రూములో పడుకుని, మూడోనాడో నాలుగోనాడో ఒళ్లంతా బొగ్గుదుమ్ముతో తిరిగొచ్చేవారు. అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్లు. తోడబుట్టినవాళ్లు లేరు. మామూలు మనుషులు ఈ పరిస్థితిని ఒంటరితనం అంటారు. నేను "క్రియేటివ్ స్పేస్" అనేదాన్ని. ఆ వయసులో ఏ బాధకైనా ఇంగ్లీషు పేరు పెడితే కాస్త గౌరవంగా కనిపించేది.

పూసల పిచ్చి ఎలా పట్టుకుందంటే, ఒక మధ్యాహ్నం ఫోనులో ఎవరో విదేశీ ఆవిడ కొండ మీద కూర్చుని రాళ్ల హారం గుచ్చుతూ "ప్రతి రాయికీ చెప్పడానికో కథ ఉంటుంది" అంది. మనుషులెవరూ నాతో కథలు చెప్పడం లేదు కదా, పోనీ రాళ్లయినా చెబుతాయేమో చూద్దామనుకున్నాను. వారం తిరక్కుండా జైపూర్ నుంచి మొదటి పార్సిల్ వచ్చింది. పులికన్ను రాళ్లు, నీలిరంగు లాపిస్, ఆకుపచ్చ జేడ్, ఒళ్లంతా చిల్లులున్న లావా రాళ్లు, ఇటుక రంగు జాస్పర్. వాటిని వేరుచేసి పెట్టుకోవడానికి మంచి ట్రే ఒకటి కొనుక్కోమని ఆ కొండమీది ఆవిడ చెప్పింది. ఆవిడింట్లో ఇడ్లీ రేకులు లేవు పాపం. నేను మాత్రం అమ్మ వాడిన ఇడ్లీ రేకులు దింపి, ఒక్కొక్క గుంటకూ ఒక్కొక్క దేశం కేటాయించాను. పై రేకు ఆసియా, నడిమిది ఆఫ్రికా, కింది రేకు దక్షిణ అమెరికా. కట్టిన ప్రతి హారానికీ ఒక పేరు: "టిబెట్ మంచు", "మెక్సికో మధ్యాహ్నం", "పెరూ దారి". అప్పటికి నేను చూసిన అత్యంత దూరదేశం విజయనగరం.

రేకుల్లో ప్రపంచాన్ని పరిస్తే మరి టిఫిను ఎలాగ అని మీరడగొచ్చు. రోజూ ఉప్మా. ఒక్కసారి మాత్రం నాన్న నోరు తెరిచి "ఇడ్లీ తిని చానాళ్లయింది" అన్నారని రేకులు కడిగి వేశాను. రెండో ఇడ్లీ తింటూ ఆయన ఆగి, నోట్లోంచి చిన్న నీలంరాయి ఒకటి తీసి, లుంగీ అంచుకు తుడిచి, కంచం పక్కన పెట్టారు. "ఇది ఏ దేశమమ్మా?" అన్నారు. "అఫ్గానిస్తాన్ నాన్నా." "గట్టిదే," అని మూడో ఇడ్లీ అందుకున్నారు. మా నాన్న మాటకారి కాదు. అమ్మ ఉన్నప్పుడు ఇద్దరి తరఫునా ఆవిడే మాట్లాడేది. ఆవిడ వెళ్లాక మా ఇద్దరికీ మాటలు ఎక్కడ దాచిందో దొరకలేదు.

ఇక చుట్టుపక్కల వాళ్లు. మా గోడకు ఆనుకున్న క్వార్టరులో డ్రైవరు పిన్ని ఉండేది. పిన్ని బండి నడపదు, భర్త నడుపుతాడు. కాలనీలో ఆడవాళ్లందరికీ భర్త ఉద్యోగమే ఇంటిపేరు. తార్‌బహార్‌లో సొంతింట్లో మరో ఆవిడ, వరసకు అత్త. ఆవిడకు నేను రహస్యంగా పెట్టుకున్న పేరు కంట్రోల్ అత్త. డివిజన్లో ఏ బండి ఎక్కడ నిలబడిందో కంట్రోల్ ఆఫీసుకు తెలిసినట్టు, బిలాస్‌పూర్ తెలుగువాళ్లలో ఎవరి పిల్ల ఎక్కడ నిలబడిందో ఈవిడకు తెలిసేది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అమ్మ పోయిన కొత్తలో వీళ్లిద్దరూ రోజూ వచ్చేవారు. వచ్చి కూర్చుంటే నాకేం మాట్లాడాలో తెలిసేది కాదు. "పనుంది పిన్నీ" అని లోపలి గదిలోకి వెళ్లేదాన్ని. ఒకసారి పిన్ని "మా గుంటకి ఒక దండ కట్టి పెట్టవే, స్కూలు డాన్సుకి" అని అడిగితే, "నేను దండలు కట్టను పిన్నీ, డిజైన్ చేస్తాను" అన్నాను. (ఆ మాట అన్నప్పటి నా ముఖం ఇప్పుడు గుర్తొస్తే నాకే ఒకటివ్వాలనిపిస్తుంది.) ఆ తర్వాత పిన్ని రావడం తగ్గించింది, ఆపైన మానేసింది. వరండాలో వచ్చేవాళ్ల కోసమని వేసిన ప్లాస్టిక్ కుర్చీ మీద నేను తడి తువ్వాళ్లు ఆరేయడం మొదలుపెట్టాను. ఉన్నమాట చెప్పేస్తాను. నాకా హారాలు అమ్ముడుపోవాలని అంత లేదు. ఎవరైనా వచ్చి ఆ తువ్వాలు తీసి పక్కనపెట్టి, ఆ కుర్చీలో కూర్చుని "ఇదెలా కట్టావే?" అని అడగాలని ఉండేది.

ఆ సోమవారం నాన్న డ్యూటీకి వెళ్లగానే "సహారా రాత్రి" పూర్తిచేశాను. ఎడారిలో ఉండే ఆడవాళ్ల ఫొటో ఒకటి చూసి వారం రోజులు కుస్తీపట్టిన డిజైన్ అది. రెండు పేటల సన్నటి నల్లరాతి పూసలు. ఇసుక కోసం అక్కడక్కడ బంగారు రంగు గుండ్లు. అస్తమించే సూర్యుడి కోసం నడిమధ్యలో ఎర్రటి పగడాలు రెండు. నా జన్మలో అంత కుదిరిన పని ఇంకొకటి లేదు. చేతులు వాటంతటవే గుచ్చుకుంటూ పోయాయి, ఎక్కడా విప్పి మళ్లీ కట్టే పని పడలేదు. ఏ తెలుగు పిల్లకైనా చూడగానే తెలిసిపోవలసిన సంగతి నాకు తెలియలేదు, ఎందుకంటే నేను చూస్తున్నది మెడను కాదు, ఎడారిని. చూసేవాళ్లు లేక, దాన్ని నా మెడలోనే వేసుకుని, పసుపురంగు చుడీదార్ మీద, పేరుకే బుధవారమైనా రోజూ ఉండే బుధ్వారీ బజారుకు కూరగాయలకు బయల్దేరాను.

బజారులో నాకు ఎప్పుడూ టమాటాలిచ్చే ముసలావిడ తూకం ఆపి నా మెడకేసి చూసింది. "తోర్ బిహావ్ హో గే కా నోనీ?" అంది ఛత్తీస్‌గఢీలో, నీ పెళ్లైపోయిందా పిల్లా అని. నేను నవ్వి ఊరుకున్నాను. పెద్దవాళ్లు పెళ్లి గురించి అడగడం వాతావరణం గురించి అడగడం లాంటిదే కదా అనుకున్నాను. ఆవిడ ఉత్తినే రెండు నిమ్మకాయలు వేసి, నా తల మీద చెయ్యిపెట్టి దీవించింది. అప్పుడైనా బుర్ర వెలగలేదు. పైగా రెండు కొట్ల అవతల కంట్రోల్ అత్త కాకరకాయలు బేరమాడుతూ నావైపు నోరు తెరిచి చూస్తోందని కూడా గమనించాను. చెయ్యి ఊపాను. ఆవిడ ఊపలేదు. కాకరకాయలు అక్కడే వదిలేసి గబగబా ఆటో ఎక్కింది.

ఇంటికొచ్చి గంట కాలేదు, తలుపు దబదబా మోగింది. డ్రైవరు పిన్ని! చేతిలో గిన్నె, కళ్లలో నీళ్లు. గుమ్మంలోనే నిలబడి నా మెడకేసి చూసింది, చూసి ఏడుపు అందుకుంది.

"ఏటే గుంటా, ఎంత పని సేసీసినావే! పెళ్లి సేసుకొని, పక్కింట్లో ఉన్నదాన్ని, నాకొక్క మాటైనా సెప్పకూడదేటి? మీ అమ్మ ఉంటే ఇలాగే సేద్దువా?"

అప్పుడు చూసుకున్నాను నా మెడలోకి. నల్లపూసలు. బంగారు గుండ్లు. పగడాలు. ఏ ఎడారీ లేదు. పెళ్లైన ఆడదాని మెడలో ఉండే నల్లపూసల గొలుసు, ఉన్నదున్నట్టు. "అయ్యో కాదు పిన్నీ, ఇది డిజైను" అనడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే పిన్ని కుర్చీ మీది తువ్వాలు తీసి, మడతపెట్టి, పక్కన పెట్టి, కూర్చుంది. గిన్నె మూత తీసింది. పులిహోర. "కొత్త పెళ్లికూతురివి, నోరు తీపి సేద్దామంటే ఇంట్లో పంచదార అయిపోనాది. ఇదైనా తిను," అంది ముక్కు చీదుకుంటూ.

ఎన్ని నెలలైందో ఆ కుర్చీలో మనిషి కూర్చుని. నేను నిజం చెబితే ఆవిడ లేచిపోతుంది. తినడం మొదలుపెట్టాను. నోటినిండా పులిహోర ఉంటే అబద్ధం ఆడనక్కర్లేదు, నిజం చెప్పనక్కర్లేదు.

"జైపూర్ నుంచి పార్సిళ్లు వస్తన్నప్పుడే అనుకున్నాన్నేను," అంది పిన్ని. "ఇంతకీ ఎక్కడే ఆ అబ్బాయి?"

ఏ దేవుడు పలికించాడో, మెతుకు మింగి, "డ్యూటీ మీద ఉన్నాడు పిన్నీ" అన్నాను.

"అచ్ఛా," అంది పిన్ని. అంతే! ఇంకేమీ అడగలేదు. మీరు రైల్వే కాలనీలో పెరగకపోతే ఈ "అచ్ఛా" విలువ మీకు తెలియదు. ఇంకే ఊళ్లోనైనా, ఎవరూ ఎప్పుడూ చూడని మొగుడంటే అనుమానిస్తారు. మా దగ్గర సగం మంది మొగుళ్లను ఎవరూ ఎప్పుడూ చూడరు. పురుళ్లకీ, పుట్టినరోజులకీ, దీపావళికీ వాళ్లు డ్యూటీ మీదే ఉంటారు. ఫొటో అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు. డ్యూటీ అన్న ఒక్క ముక్కతో నాకు దివ్యమైన మొగుడు ఏర్పడిపోయాడు.

మర్నాడు మంగళవారం. పొద్దున్నే కంట్రోల్ అత్త పసుపూ కుంకుమా, జాకెట్టు గుడ్డా, అరడజను అరటిపళ్లూ పట్టుకుని దిగింది. వెనకాల మరో నలుగురు ఆడవాళ్లు. కుర్చీ చాలక చాపలు పరిచాను. అత్త నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చార్జిషీటు చదివినట్టు మొదలుపెట్టింది.

"మనోళ్లేనా?"

"మనోళ్లే అత్తా."

"జైపూర్‌లో మనోళ్లేటే?"

"డ్యూటీ అక్కడ పడింది."

"అచ్ఛా. ఏ డిపార్ట్‌మెంటు?"

కిటికీలోంచి కరెంటు స్తంభం కనిపించింది. "ఎలక్ట్రికల్," అన్నాను.

చాపల మీద మెచ్చుకోలుగా గుసగుసలు. ఆ తర్వాత నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది. అబ్బాయి నెమ్మదస్తుడనీ, తల్లిదండ్రులు ఒప్పుకోక గుళ్లో చేసుకున్నామనీ, నాన్నకు భయపడి దాచాననీ వాళ్లే చెప్పుకున్నారు, వాళ్లే జాలిపడ్డారు, వాళ్లే క్షమించేశారు. నేను పప్పు తిరగమోత వేసి అందరికీ వడ్డించాను. ఒకావిడ వెళ్తూ వెళ్తూ పుట్టబోయే వాడికి పేరు కూడా చెప్పింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అది నా నట్టింట్లో, నా పప్పు తింటూ జరిగింది.

వెళ్లేముందు అత్త నా మెడలో చెయ్యిపెట్టి పూసలు వేళ్లతో తడిమింది. ఆ గొంతులో కంట్రోల్ ఆఫీసు లేదప్పుడు. "అచ్చం మీ అమ్మ నల్లపూసలే," అంది. "ఇలాగే రెండు పగడాలు పక్కపక్కన. ఒకటి సాలదేటే అని నేనంటే, ఒక్కర్తీ ఉంటే దానికి తోసదొదినా, అనేది." ఆవిడ వెళ్లిపోయాక నేను అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. టిబెట్ వెళ్లాను, మెక్సికో వెళ్లాను, సహారాలో వారం రోజులు తిరిగాను. చివరికి నా చేతులు కట్టింది మా అమ్మ మెడలోది. నాకు అమ్మ కావాలనిపించింది. అంతకుమించి దాన్ని అందంగా చెప్పడం నాకు చేతకాదు.

బుధవారం ఇంకా మంది వచ్చారు. నిజం చెబుతున్నాను, నా జీవితంలో అంత సుఖమైన మూడు రోజులు అంతకుముందు లేవు. ఒకావిడ నా జుట్టుకు నూనె పెట్టింది. ఇంకొకావిడ గచ్చు కడిగింది. నాతో మాట్లాడుతూ, నాకు తినిపిస్తూ, నన్ను తిడుతూ ఇల్లు నిండా మనుషులు. ప్రతి సాయంత్రం "రేపు చెప్పేద్దాం" అనుకునేదాన్ని. రేపు వచ్చేది, దాంతోపాటే చాపల మీదికి మనుషులూ వచ్చేవారు, నేను తేలు కుట్టిన దొంగలా నోరుమూసుకుని టీ పెట్టేదాన్ని. బుధవారం మధ్యాహ్నం కంట్రోల్ అత్త అందరి ముందూ తేల్చేసింది. కొత్త దంపతులు సత్యనారాయణ వ్రతం చేసుకోకుండా ఎలాగ? శుక్రవారం మంచిది. వ్రతం డ్రైవరు పిన్ని ఇంట్లో. "ఆ అబ్బాయిని శెలవు పెట్టి రమ్మను," అంది. "శెలవు ఇవ్వకపోతే నాకు సెప్పు, నేను సూసుకుంటాను."

అప్పుడు పట్టుకుంది భయం. శుక్రవారం పీటల మీద నా పక్కన ఎవరు కూర్చుంటారు? అదీ పోనీ. గురువారం నాన్న వస్తారు. వీళ్లకి అబద్ధం చెప్పానంటే తిడతారు, నాలుగు రోజులు మాట్లాడరు. నాన్నకు నేను తప్ప ఎవరున్నారు? తన కూతురు తనకు చెప్పకుండా పెళ్లిచేసుకుందని ఆయన ఊరంతటి నోటా వింటే? ఆయన రాగానే, చెప్పులు విప్పేలోపే, నేనే మొత్తం చెప్పెయ్యాలి. ఎవరూ చెప్పకముందు నేనే చెప్పాలి. అంతకుమించి నాకింకేం అక్కర్లేదనిపించింది. పాఠం అప్పగించేవాళ్లలా ఆ మాటలు పదిసార్లు నాలో నేనే అనుకున్నాను.

గురువారం పదిగంటలకు నాన్న వచ్చారు. సంచీ దించారు. నేను "నాన్నా" అనేలోపే, జెండాల పక్కనుంచి ఒక పాలిథిన్ కవరు తీసి మంచం మీద పెట్టారు. అందులో నాకో చీర. దాని కింద పేంటు గుడ్డా, షర్టు గుడ్డా.

"అబ్బాయి పొడుగో పొట్టో తెలీలేదమ్మా," అన్నారు గోడవైపు చూస్తూ. "ఫోనులో అడుగుదామంటే బాగోదనిపించింది. పొడుగే అనుకొని తీయించాను. పొట్టైతే కత్తిరించుకోవచ్చు."

"ఎవరు చెప్పారు నాన్నా?"

"శహడోల్ రన్నింగ్ రూములో అందరికీ తెలుసు. వంటాయన లడ్డూ పెట్టాడు."

ఒక్కచోట బండి ఆగినా వార్త ఆగదు మా రైల్వేలో. నేను అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. నేర్చుకున్న మాటలన్నీ మర్చిపోయి, తోచినట్టు చెప్పేశాను. ఎడారి ఫొటో, బుధ్వారీ బజారు, పులిహోర, డ్యూటీ, ఎలక్ట్రికల్, వ్రతం. పెళ్లి లేదు, మొగుడు లేడు, మెడలో ఉన్నది నేను కట్టిన రాళ్ల దండ. అబద్ధం ఎందుకు ఆడావని ఆయన అడిగితే "వాళ్లు వెళ్లిపోతారని" అన్నాను. అని తల దించుకుని తిట్ల కోసం చూస్తున్నాను.

నాన్న షర్టు గుడ్డ మడత విప్పి, మళ్లీ అదే మడత మీద సర్దారు.

"అయితే ఎవరూ నేరా?" అన్నారు.

"లేరు నాన్నా."

"నేననుకున్నాను..." అని ఆగారు. ఆయన గొంతు నాకు కొత్తగా వినిపించింది. "మంగళవారం నించీ బ్రేక్‌వ్యాన్‌లో కూకొని ఒకటే అనుకున్నాను. పోనీలే, నాకు సెప్పకపోతే సెప్పకపోనీ. నా గుంట ఇంట్లో ఒక్కర్తీ నేదు, పక్కన మనిషున్నాడు. మీ అమ్మ పోయినకాణ్ణించీ బండి ఎక్కినప్పుడల్లా గుండెలో రాయి పెట్టుకొనే ఎక్కుతున్నానమ్మా. ఈ మూడ్రోజులే హాయిగా ఉన్నాను."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. నాలుగేళ్లుగా నేను ఇక్కడ ఆయనకు తెలియకుండా దాచుకున్నదాన్ని, ఆయన అక్కడ నాకు తెలియకుండా మోస్తున్నారు. ఇద్దరం ఏడ్చాం. ఆయన టవల్‌తో, నేను కొత్త చీర అంచుతో. (అంచు రంగు దిగి నా బుగ్గలు ఊదారంగయ్యాయి. అంత ఏడుపులోనూ ఆయన "బేరం బాగానే ఆడాననుకున్నాను" అన్నారు.)

మధ్యాహ్నం ఇద్దరం కలిసి గోడ అవతలికి వెళ్లాం. డ్రైవరు పిన్ని వంటింట్లో కంట్రోల్ అత్త ప్రసాదానికి రవ్వ వేయిస్తోంది. నాన్న గొంతు సవరించుకుని, సవరించుకుని, ఇక సవరించడానికేమీ మిగలక నావైపు చూశారు. నేనే చెప్పాను. అత్త గరిటె ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఓలమ్మో! డ్యూటీ మీద ఉన్నాడంటివి?"

"లేడత్తా."

"ఏ డ్యూటీలోనూ నేడేటే?"

"ఎక్కడా లేడత్తా."

"మరి నేను రైల్వే ఆఫీసులో ఉన్న మా అల్లుడి కాళ్లు పట్టుకొని, ఆ అబ్బాయిని ఇక్కడికి బదిలీ సేయించమని అడిగీసినానే! ఆయన ఎలక్ట్రికల్ ఆఫీసు పెద్దబాబుకి సెప్పీసినాడే! పేరు పంపమన్నారే!"

పుట్టని మనిషికి బదిలీ కాగితం దాదాపు తయారైందన్నమాట. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. అదే నేను చేసిన పెద్ద తప్పు. పిన్ని ముఖం మాడిపోయింది. "మేం ఏడిస్తే నీకు నవ్వులాటగా ఉందేటే?" అంది. వేయించిన రవ్వను వెనక్కి పొయ్యలేం గనక శుక్రవారం వ్రతం జరిగింది; పీటల మీద పిన్నీ, ఆరోజు అదృష్టంకొద్దీ రెస్టులో ఉన్న డ్రైవరు బాబాయీ కూర్చున్నారు. ప్రసాదం నేను పంచాను. అందరూ తీసుకున్నారు. ఎవరూ నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత పదిరోజులు మా వరండాలోకి మనిషి అలికిడి లేదు. మనుషులు వచ్చిపోయిన ఇంట్లో ఒక్కర్తే ఉండటం, ఎప్పుడూ ఎవరూ రాని ఇంట్లో ఉండటంకన్నా కష్టమని నాకప్పుడే తెలిసింది. "సహారా రాత్రి"ని విప్పి, పూసలు దేనికది వేరుచేసేశాను.

పదకొండో రోజు నాన్నకు మళ్లీ కాల్ వచ్చింది. సంచీ భుజాన వేసుకుని, గుమ్మం దాకా వెళ్లి, ఆగిపోయారు. ఎప్పుడూ "వెళ్లొస్తానమ్మా" అని వెనక్కి చూడకుండా వెళ్లే మనిషి. గేటు తీసుకుని కుడివైపు స్టేషనుకేసి వెళ్లాల్సింది, ఎడమవైపు తిరిగారు. పిన్ని ఇంటి తలుపు కొట్టారు. నేను గోడ పక్కన నిలబడిపోయాను.

"సెల్లమ్మా," అన్నారు. దగ్గారు. మళ్లీ దగ్గారు. "గుంట ఒక్కర్తే ఉంటాది. నాకు బెంగగా ఉంటాది. నేనెళ్లినప్పుడు కొంచెం..."

ఆ "కొంచెం" దగ్గరే ఆయన మాట అయిపోయింది. నేను గోడకు చెవి ఆనించాను.

"ఇది సెప్పడానికి నాలుగేళ్లేటి అన్నయ్యా?" అంది పిన్ని. ఆపైన గొంతు పెంచి గోడ మీంచి అరిచింది. "ఏటే గుంటా, గోడకాడ నక్కి వింటన్నావు, నాకు తెల్దేటి? ఆ రాళ్లూ రప్పలూ పట్టుకొని ఇలా వచ్చి మా వరండాలో కూకో. నాన్న బండికి టైమవుతంది, ఎల్లనియ్యి."

నాన్న స్టేషనుకేసి వెళ్లారు. నేను రాళ్లు పట్టుకుని వెళ్లాను. ఆ మధ్యాహ్నం పిన్ని కూతురికి దండ కట్టాను. డిజైన్ చేయలేదు, దండే కట్టాను. ఏ దేశానిదీ కాదు. పిల్ల ఏ రంగు చూపిస్తే ఆ రంగు.

ఇదంతా జరిగి చాలా ఏళ్లైంది. నాన్న రిటైరయ్యారు, ఊరి చివర మోప్కా వైపు చిన్న ఇల్లు కట్టుకున్నాం. నా హారాలు ఇప్పుడు అమ్ముడుపోతాయి కూడా. ఎగ్జిబిషన్లలో బల్ల వెనక నిలబడి ఏ రాయి ఏ దేశానిదో చక్కగా చెబుతాను, మనుషులు తలలాడిస్తారు. అయినా కొన్ని మధ్యాహ్నాలు పూసలు గుచ్చుతూ ఉంటే, ఆ రెండు గదుల్లో తలొంచుకుని కూర్చున్న ఇరవై మూడేళ్ల పిల్ల గుర్తొస్తుంది. పక్కింటి తలుపు తట్టి "పిన్నీ, ఊసుపోవట్లేదు, కాసేపు కూర్చోనా" అని అడగడానికి సిగ్గుపడి, లేని మొగుణ్ణి పుట్టించి, ఉద్యోగమిచ్చి, దాదాపు బదిలీ కూడా చేయించిన పిల్ల. ఆ పిల్ల ఎదురుపడితే బుద్ధి చెబుదామని ఒకప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు చెప్పను. మాట్లాడకుండా వెళ్లి పక్కన కూర్చుని ఒక దారం అందుకుంటానంతే. "పనుందండీ" అంటుంది. అననీ. రంగు తప్పు ఎక్కించారని విసుక్కుంటుంది. విసుక్కోనీ. నేను మాత్రం లేవను.